కాలువ మీద కట్టిన రైలు స్టేషను

చెన్నై నగరంలోని మైలాపూరులో, లజ్ కూడలి దగ్గర నిలబడి రైలు స్టేషనుకు దారి అడిగితే ఎవరూ ఎడమకో కుడికో చెయ్యి చూపించరు. తల పైకెత్తుతారు. మల్లెపూల బుట్టలకూ, ఇత్తడి సామాను దుకాణాలకూ, అప్పుడే వేయించి పొడి కొడుతున్న కాఫీగింజల వాసనకూ పైన, చుట్టుపక్కల ఇళ్ల కప్పులన్నిటినీ మించిన ఎత్తున, బూడిదరంగు కాంక్రీటు కట్టడమొకటి ఆకాశాన్ని సగం కప్పి నిలిచి ఉంటుంది. దాని పేరు తిరుమయిలై.

తమిళంలో మయిల్ అంటే నెమలి. పార్వతీదేవి నెమలి రూపం దాల్చి పరమేశ్వరుణ్ణి ఆరాధించిన చోటు గనుక ఈ ఊరికి ఆ పేరు వచ్చిందని స్థలపురాణం. అక్కడికి కొద్ది దూరంలోనే కపాలీశ్వరస్వామి ఆలయమూ, దాని ముందు విశాలమైన కోనేరూ ఉన్నాయి. తెలుగువారి నోట ఈ ఊరు ఎప్పుడో మైలాపూరు అయింది. రైల్వేవారు వాడుక పేరును విడిచి, 'తిరు' అనే గౌరవపదంతో కూడిన పాత పేరునే బోర్డు మీద రాయించారు. మన 'శ్రీ' వంటిదే ఆ 'తిరు'. పేరు మాత్రం కోవెలది. కట్టడంలో కోవెల పోలిక వెదికినా దొరకదు.

లోపలికి అడుగు పెట్టినవారికి మొదట తోచేది చోటు, ఇంత చోటు ఎందుకన్న ప్రశ్న. టికెట్టు కిటికీలున్న హాలు ఒక పెళ్లిపందిరికి సరిపోయేటంత. దాని వెంబడి ఎత్తైన కప్పులు, బారులు తీరిన స్తంభాలు, పగటిపూట కూడా మసకగా ఉండే మూలలు. మెట్లెక్కి, మలుపు తిరిగి, మళ్లీ మెట్లెక్కితే గాని ప్లాట్‌ఫారం రాదు. పైకి చేరిన తరువాత మాత్రం శ్రమకు ఫలితం దక్కుతుంది. ఒకవైపు కొబ్బరితలలు, డాబాల మీద ఆరవేసిన బట్టలు, దూరాన గోపురం కొన. తూర్పు నుంచి సముద్రపుగాలి. కింద ఉన్నంతసేపూ ఊపిరాడనివ్వని నగరం, పైకి ఎక్కినవాడికి ఒక్కసారిగా పల్లెలాగా పరుచుకుంటుంది.

గాలి తిరిగినప్పుడు కింది నుంచి మరొక వాసన కూడా వస్తుంది. వంగి చూస్తే దాని కారణం కనిపిస్తుంది. ఈ స్టేషను కింద నల్లగా, దాదాపు కదలకుండా, ఒక కాలువ ఉన్నది. రైలుమార్గాన్ని మోస్తున్న స్తంభాలు ఆ కాలువలోనూ దాని గట్ల మీదనూ పాతుకొని, దక్షిణానికీ ఉత్తరానికీ కనుచూపు మేర వరసలు తీరి ఉన్నాయి. రోజూ ఈ స్టేషను మెట్లెక్కే వేలమందిలో చాలామందికి అది మురుగుకాలువ. దానికి ఒక పేరు ఉన్నదనీ, ఆ పేరు ఆంధ్రదేశంలో కృష్ణ ఒడ్డుదాకా తెలిసినదేననీ గుర్తు చేయవలసినవారు క్రమంగా తగ్గిపోయారు. అది బకింగ్‌హాం కాలువ.

దాని కథ 1806లో మొదలైంది. బేసిల్ కాక్రేన్ అనే స్కాట్లండు వ్యాపారి పెట్టుబడితో మద్రాసు నుంచి ఉత్తరాన ఎన్నూరుదాకా ఒక ఉప్పునీటి కాలువ తవ్వారు. కొంతకాలం దానిని కాక్రేన్ కాలువ అనే పిలిచారు. తరువాత అది ప్రళయకావేరి సరస్సుకు, అంటే నేటి పులికాటుకు, సాగింది. 1837లో ప్రభుత్వం దానిని తన చేతికి తీసుకున్నది. అంచెలంచెలుగా దుగరాజపట్నం, కృష్ణపట్నం దాటి, నెల్లూరు సీమ తీరం వెంబడి పోయి, చివరకు పెదగంజాం వద్ద కృష్ణా డెల్టా కాలువలతో కలిసింది. దక్షిణాన అది మరక్కాణందాకా పోయింది. మొత్తం పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో 250 కిలోమీటర్లకు పైగా నేటి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నది. కాకినాడలో పడవ ఎక్కిన బియ్యపుమూట ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, ఆపైన ఈ ఉప్పుకాలువ మీదుగా, సముద్రపు అలల మొగం చూడకుండా మద్రాసు చేరగలిగేది.

అయితే ఈ జలమార్గానికి మద్రాసు నగరంలోనే ఒక తెగిన ముడి ఉండేది. ఉత్తరపు కాలువ కూవం నదిదాకా వచ్చి ఆగేది. దక్షిణపు కాలువ అడయారు నది నుంచి మొదలయ్యేది. నడుమ మైలాపూరు మీదుగా సుమారు 8 కిలోమీటర్ల నేల. ఆ ముడిని వేసినది ఏ వ్యాపారి పెట్టుబడీ కాదు, కరువు. 1876లో మొదలైన ఆ కరువును తెలుగునాట ఇప్పటికీ ధాత కరువంటారు. రాయలసీమలోనూ మద్రాసు రాజధాని అంతటానూ లక్షలాది జనం ప్రాణాలు పోగొట్టుకున్న రోజులవి. పల్లెలు విడిచి మద్రాసు చేరిన బక్కచిక్కిన మనుషులకు తిండి పెట్టడానికి ప్రభుత్వం పని కల్పించాలి. కల్పించిన పనులలో ఒకటి కూవాన్నీ అడయారునూ కలిపే ఈ తవ్వకం. 1877-78లో అది పూర్తయింది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు కాలువ మొత్తానికి స్థిరపడింది.

ఆ కూలి ఎంత? 1877 ఆరంభంలో రాజధానిని పర్యటించిన సర్ రిచర్డ్ టెంపుల్ సహాయపనుల కూలిని తగ్గించి, మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యమూ ఒక అణా డబ్బూ చాలునని నిర్ణయించాడు. పౌను అంటే మన లెక్కలో అరకిలోకు తక్కువ. రోజంతా గునపం పట్టినవాడికి అది చాలదని మద్రాసు వైద్యాధికారులే వాదించి, కొద్ది నెలలలో ఆ కొలతను మార్పించారు. మైలాపూరు స్టేషనులో రైలుకోసం నిలబడినవారి కాళ్లకింద, ప్లాట్‌ఫారానికి చాలా దిగువన, నేటికీ ఉన్నది ఆ చేతులు తవ్విన ముక్కే.

కాలువ తవ్విన తరువాత దాదాపు 80 ఏళ్లు మైలాపూరు ఒక రేవు. కూడలికి దగ్గరలోనే ఉన్న కూరగాయల అంగడిని నేటికీ 'తన్నీర్తురై' మార్కెట్టు అంటారు. తెలుగులో చెప్పాలంటే నీటిరేవు. ప్రళయకావేరి వైపు నుంచి గుల్లసున్నానికి కావలసిన గుల్లలు, తీరపు తోటల నుంచి సరుగుడు కట్టెలు, ఉప్పు, ఎండుచేపలు, డెల్టా నుంచి ధాన్యం పడవల మీద వచ్చేవి. గాలి ఉన్నప్పుడు తెరచాప, లేనప్పుడు గట్టు మీద నడిచే మనుషుల భుజాలకు కట్టిన తాడు. చెన్నపట్నపు మేడలకు వేసిన సున్నంలోనూ, వంటిళ్లలో మండిన కట్టెలలోనూ నెల్లూరు తీరపు పడవవారి చెమట కొంత ఉన్నదనడం అతిశయోక్తి కాదు. సరకులే కాదు, మనుషులూ ప్రయాణం చేసేవారు. తమిళ కవి భారతీదాసన్ మిత్రులతో కలిసి ఈ కాలువ మీదనే మహాబలిపురానికి పోయి, ఆ పడవ ప్రయాణాన్ని కవితగా రాశాడు.

ఇక్కడ ఒక్కమాట. మైలాపూరు తెలుగువారికి పరాయి ఊరు కాదు. అమృతాంజనం అధిపతి, ఆంధ్రపత్రిక వ్యవస్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిట లజ్‌లో ఉద్యానవనం ఉన్నది. స్టేషను నుంచి ఎంతో దూరం లేని రాయపేట హైరోడ్డులో, బులుసు సాంబమూర్తిగారి ఇంట్లోనే పొట్టి శ్రీరాములుగారు 1952లో నిరాహారదీక్ష పట్టి, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. ఆంధ్రరాష్ట్రం పుట్టుక దుఃఖం ఈ వీధులకు తెలుసు. కాలువ మీదుగా వచ్చిన పడవలు తెచ్చినది బియ్యమూ కట్టెలూ మాత్రమే కాదన్నమాట.

1960-61లో కూడా ఈ కాలువ మీద 1,200కు పైగా పడవలు తిరిగాయి. 2 లక్షల టన్నులకు మించిన సరకు సాగింది. తరువాత దెబ్బలు త్వరత్వరగా తగిలాయి. 1965, 1966 సంవత్సరాల తుపానులకు గట్లూ లాకులూ చెడిపోయాయి. బాగుచేయడానికి డబ్బు పెట్టే ఉత్సాహం ఎవరికీ లేదు. లారీలు వచ్చాయి, రోడ్లు బాగుపడ్డాయి. నగరం మాత్రం కాలువను పూర్తిగా వదలలేదు. తన మురుగును అందులోకి వదిలింది. ఇల్లు కట్టుకోవడానికి మరెక్కడా చోటు దొరకని పేదలు గట్ల మీద గుడిసెలు వేసుకున్నారు. పది పదిహేనేళ్లలో రేవు పోయి మురుగు మిగిలింది.

సరిగ్గా అదే కాలంలో ఢిల్లీలోనూ మద్రాసులోనూ కొందరు ఇంజనీర్లు పటాల మీద గీతలు గీస్తున్నారు. 1965లో ప్రణాళికా సంఘం మహానగరాల రవాణా సమస్యలను పరిశీలించడానికి ఒక బృందాన్ని నియమించింది. మద్రాసులో అప్పటికే 1931 నుంచి బీచ్-తాంబరం నడుమ విద్యుత్ రైలు నడుస్తున్నది. అయితే అది నగరం పడమటి అంచును పట్టుకొని పోతుంది. ట్రిప్లికేను, మైలాపూరు, అడయారు వంటి పాత జనావాసాలకు బస్సులే దిక్కు. వాటి గుండా రైలు వేయాలంటే ఇళ్లు కూల్చాలి, కోవెల వీధులు తవ్వాలి, వేల కుటుంబాలకు పరిహారం ఇవ్వాలి. ఆ పటంలో బీచ్ సమీపం నుంచి దక్షిణానికి, ఆ జనావాసాలన్నిటినీ తాకుతూ, ప్రభుత్వానిదే అయిన, ఎవరికీ అక్కరలేని ఒక సన్నని పట్టీ ఉన్నది. అదే కాలువ.

ఆనాటి ఇంజనీర్లను నిందించడం తేలిక. కాని వారి చోట కూర్చున్నవారెవరైనా ఆ పటాన్ని చూసి ఆ గీతే గీసి ఉండేవారేమో. భూసేకరణ లేదు, కూల్చివేతలు తక్కువ, మార్గం దాదాపు తిన్నన. పడవలు పోయిన కాలువకు ఇక ఏ పని ఉన్నదన్న ప్రశ్నకు ఆ రోజులలో వెంటనే జవాబు చెప్పగలవారు ఎక్కువమంది లేరు. వాన వచ్చినప్పుడు కాలువ చేసే పని వానాకాలంలో తప్ప కంటబడదు.

1983-84లో సుమారు 53 కోట్ల రూపాయల అంచనాతో తొలిదశకు అనుమతి లభించింది. పని మెల్లగా సాగింది. 1995 నవంబరులో బీచ్ నుంచి చేపాకుదాకా, 1997 అక్టోబరులో అక్కడినుంచి తిరుమయిలైదాకా రైళ్లు నడిచాయి. మొత్తం 9 కిలోమీటర్లకు అటూ ఇటూ. అయిన ఖర్చు సుమారు 269 కోట్లు. పార్క్ టౌన్ దాటిన తరువాత పట్టాలు నేల విడిచి గాలిలోకి లేస్తాయి. దేశంలో ఎత్తున కట్టిన తొలి నగర రైలుమార్గం ఇదే. అప్పటికి ఊరి పేరే మారిపోయింది. మద్రాసు 1996లో చెన్నై అయింది.

కాలువలో స్తంభాలు దిగడం చూసి కొందరు ఊరకుండలేదు. పర్యావరణ కార్యకర్తలు హైకోర్టు తలుపు తట్టారు. జలమార్గాన్ని ఇరుకు చేస్తే వరదనీరు ఎటు పోతుందని వారి వాదం. రైలుమార్గం వేయడానికి కాలువలను, నదులను కూడా మళ్లించే అధికారం తమకు చట్టం ఇచ్చిందని రైల్వేవారి జవాబు. చట్టం రైల్వే పక్షాననే నిలిచింది. స్తంభాలు నిలిచాయి.

ఇంత చేసి కట్టిన స్టేషనుకు వచ్చినవారెవరు? మొదటి ఏళ్లలో చాలా కొద్దిమంది. తిరుమయిలై అప్పట్లో చివరి స్టేషను. ఇక్కడ దిగి ముందుకు పోవాలంటే మళ్లీ బస్సు పట్టుకోవాలి. రైళ్లు అరగంటకో, అంతకన్నా ఆలస్యంగానో వచ్చేవి. బస్సు ఆగే చోటుకూ స్టేషను మెట్లకూ సంబంధం కుదరలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి మెట్లే అడ్డం. సాయంత్రం చీకటి పడితే ఆ విశాలమైన, ఖాళీ, దీపాలు చాలని హాలు గుండా ఒంటరిగా నడవడానికి ఆడవారు వెనుకాడేవారు. చోటు ఎక్కువ కావడం వల్లనే ఎవరూ రాకపోవడం, ఎవరూ రాకపోవడం వల్లనే చోటు మరింత ఎక్కువగా కనిపించడం - ఈ చక్రంలో స్టేషను కొన్నేళ్లు చిక్కుకున్నది. దుకాణాలకని విడిచిన అంతస్తులలో దుమ్ము చేరింది. ఈ మార్గంలోని స్టేషన్లకు చాలాకాలం నమ్మకంగా వచ్చిన అతిథులలో సినిమా చిత్రీకరణ బృందాలను చెప్పుకోవాలి. వెంటాడే దృశ్యానికీ, విలన్ల స్థావరానికీ ఇంతకన్నా అనువైన చోటు మరొకటి ఏది?

ఇంత పెద్ద స్టేషను ఎందుకు కట్టారన్నదానికి జవాబు మనుషుల లెక్కలో కన్నా డబ్బు లెక్కలో ఉన్నది. పట్టాల మీద వచ్చే ఆదాయం చాలదు గనుక, పట్టాల కింది అంతస్తులను అద్దెకిచ్చి నిర్మాణవ్యయం కొంత రాబట్టుకోవాలన్నది ఆలోచన. రెండవదశలో వ్యయం మూడింట రెండువంతులు రాష్ట్రప్రభుత్వమే భరించింది గనుక ఆ ఆశ ఇంకా పెరిగి, స్టేషన్లు ఇంకా పెద్దవయ్యాయి. ఆలోచన తప్పు కాదు. టోక్యోలోనూ హాంకాంగులోనూ రైలు కంపెనీలు దానితోనే బతుకుతున్నాయి. కాని అక్కడ ముందు జనం వచ్చారు, జనం వెంట అంగళ్లు వచ్చాయి. ఇక్కడ అంగళ్లకు గోడలు ముందు లేచాయి. జనం ఎలా వస్తారన్నది తరువాతి ప్రశ్నగా మిగిలింది. రైళ్లను రైల్వే నడపడం, స్టేషను బయటి జాగా మరొక శాఖది కావడం, బస్సులు వేరొక సంస్థవి కావడం - కాలిబాటకు ఒక దీపం పెట్టాలన్నా ముగ్గురు యజమానులు ఒక మాట మీదికి రావాలి.

2004 జనవరిలో మార్గం అడయారు నదిని దాటి తిరువాన్మియూరుదాకా సాగింది. 2007 నవంబరులో వేళచ్చేరి చేరింది. దారిలో ఉన్న తరమణి, ఆ చుట్టుపక్కల సాఫ్ట్‌వేరు కార్యాలయాలు ఉదయాన జనాన్ని లాక్కోవడం మొదలుపెట్టాయి. వారిలో నెల్లూరు నుంచీ, గుంటూరు నుంచీ, ఇంకా దూరపు జిల్లాల నుంచీ వచ్చి వేళచ్చేరిలో అద్దె గదులలో చేరిన తెలుగు యువతీయువకులు తక్కువేమీ కాదు. చివరి స్టేషనుగా ఉన్నన్నాళ్లు వెలవెలబోయిన తిరుమయిలై, నడిమి స్టేషను అయ్యాక నిండింది. బస్సుకన్నా టికెట్టు చవక, ప్రయాణం వేగం. కపాలీశ్వరాలయంలో అరుబత్తుమూవర్ ఉత్సవం జరిగే రోజున, అరవైముగ్గురు నాయనారుల విగ్రహాలు వీధులలో ఊరేగే పంగుణి నెలలో, ఆ పెద్ద హాలు కూడా చాలదేమో అనిపిస్తుంది. ఏడాదికి ఒక్కరోజైనా దానిని కట్టినవారి లెక్క నిజమవుతుంది.

2014 ఏప్రిల్‌లో కొద్ది దూరం ఉత్తరాన ముండగకణ్ణి అమ్మన్ కోయిల్ అనే మరో స్టేషను తెరిచారు. వేళచ్చేరి నుంచి సెయింట్ థామస్ మౌంట్‌దాకా ఇంకో 5 కిలోమీటర్ల పొడిగింపు పని 2008లోనే మొదలైంది. కాని చివరి అరకిలోమీటరు భూమి కోసం జరిగిన వ్యాజ్యాలు దానిని పదేళ్లకు పైగా ఆపివేశాయి. కాలువ మీద పోయినంతకాలం లేని భూమి తగాదా, కాలువను విడిచిన మరుక్షణం ఎదురైంది. ఇంజనీర్లు ఆ పాత గీతను ఎందుకు గీశారో ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కరలేదు. 2023 ఆగస్టులో బీచ్-ఎగ్మోరు నడుమ నాలుగవ పట్టా వేయడానికి బీచ్-చింతాద్రిపేట ముక్కను మూసివేశారు. ఏడు నెలలన్న పని పద్నాలుగు నెలలు పట్టింది. 2024 అక్టోబరు చివర రైళ్లు మళ్లీ బీచ్ చేరేదాకా మైలాపూరువారు దారి మధ్యలో దిగి బస్సులు వెదుక్కున్నారు. ఒకప్పుడు ఎవరూ ఎక్కలేదని ఎగతాళి చేసిన రైలు ఆగిపోతే ఊరు ఎంత ఇబ్బంది పడుతుందో ఆ పద్నాలుగు నెలలు తెలియజెప్పాయి.

కాలువ మాత్రం తన లెక్కను విడిగా రాసుకుంటూ వచ్చింది. 2004 డిసెంబరు 26న సునామీ తీరాన్ని ముంచెత్తినప్పుడు, చాలాచోట్ల తీరానికి సమాంతరంగా పోయే ఈ పాత కాలువ పొంగివచ్చిన నీటిని తనలోకి తీసుకొని, లోపలి ఊళ్లకు ప్రవాహపు ఉధృతిని తగ్గించింది. తెలుగు తీరంలోనూ తమిళ తీరంలోనూ శాస్త్రజ్ఞులు ఈ సంగతి నమోదు చేశారు. గట్లు చెక్కుచెదరక, నీటికి చోటున్న చోట్ల కాలువ చేయగలిగిన పని అది.

2015 డిసెంబరులో మరొక పరీక్ష వచ్చింది. ఆ నెల తొలి రోజులలో కురిసిన వానకూ, చెంబరంబాక్కం చెరువు నుంచి అడయారులోకి వదిలిన నీటికీ చెన్నై మునిగింది. సముద్రమట్టానికి అంత దగ్గరగా, అంత చదునుగా ఉన్న నగరంలో నీరు తనంత తాను త్వరగా పోదు. కూవమూ అడయారూ నిండినప్పుడు, సముద్రపు పోటు నదీముఖాలను వెనక్కు నెట్టినప్పుడు, ఆ రెంటినీ కలిపే కాలువ పక్కవీధుల నీటిని మోయాలి, ఒకదాని బరువును మరొకదానికి పంచాలి. స్తంభాలతో, వాటి దిమ్మెలతో, నిర్మాణకాలపు మట్టితో, ఏళ్ల తరబడి చేరిన చెత్తతో కుంచించుకుపోయిన కాలువ ఆ పని ఎంత చేయగలదు? నగరం మునగడానికి స్టేషన్లే కారణమని చెప్పడం న్యాయం కాదు. చెరువులను పూడ్చి కాలనీలు వేసినవారి వాటా చాలా పెద్దది. అయితే 1990లలో కోర్టుకు వెళ్లినవారు అడిగిన ప్రశ్న అదే కదా.

గట్ల మీద ఉన్నవారికి ఆ ప్రశ్న ఏడాదికి ఒకసారి ఇంటి గడప దాటి లోపలికే వస్తుంది. రైలుమార్గం వచ్చినప్పుడు కొందరి ఇళ్లు పోయాయి. తరువాత కాలువల పునరుద్ధరణ పేరిట ఖాళీ చేయించినవారిని ఊరికి 20, 25 కిలోమీటర్ల దూరంలోని పునరావాస కాలనీలకు పంపారు. మైలాపూరు ఇళ్లలో అంట్లు తోమి, పూలమాలలు కట్టి, చేపలు అమ్మి బతికే మనిషికి ఆ దూరం ఎంతో లెక్కవేస్తే తెలుస్తుంది. ఇంటి నుంచి పనికి నడిచి పోయేవారు బస్సుకూ రైలుకూ రోజుకూలిలో ఎంత ఖర్చు పెట్టాలి? కాలువ పక్కన ఉండడం ప్రమాదమన్నది నిజం. కాలువకు దూరంగా పోవడం ఉపవాసమన్నదీ నిజమే.

2008లో పార్లమెంటు కాకినాడ-పుదుచ్చేరి జలమార్గాన్ని, గోదావరి కృష్ణల కొన్ని భాగాలతో కలిపి, నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. వెయ్యి కిలోమీటర్లకు మించిన ఈ మార్గంలో మళ్లీ పడవలు నడపాలని సంకల్పం. ధాన్యమూ సిమెంటూ లారీ మీద కన్నా నీటి మీద చవకగా పోతాయన్నది వాస్తవమే. కాని కాకినాడ నుంచి బయలుదేరిన పడవ పెదగంజాం దాటి, నెల్లూరు తీరం దాటి, ప్రళయకావేరి దాటి, ఎన్నూరు దాటి కూవందాకా వచ్చిందనుకుందాం. అక్కడినుంచి అడయారుదాకా, ధాత కరువు కూలీలు వేసిన ఆ ముడి మీద, స్తంభాల వరుస నిలిచి ఉన్నది. 1877కు ముందు తెగి ఉన్న చోటే మళ్లీ తెగింది. ఒక ప్రభుత్వశాఖ జాతీయ మార్గమని పేరు పెట్టిన నీటిని మరొక ప్రభుత్వశాఖ అంతకు పదేళ్లకు పైగా ముందే కాంక్రీటుతో మూసి ఉంచింది.

ఇప్పుడు మైలాపూరులో తవ్వకం మళ్లీ సాగుతున్నది. చెన్నై మెట్రో రెండవదశలో రెండు భూగర్భ మార్గాలు తిరుమయిలై వద్ద కలుస్తాయి. నేలకు దాదాపు 35 మీటర్ల లోతున, అంతస్తు కింద అంతస్తుగా కొత్త స్టేషను కడుతున్నారు. లజ్ కూడలిలో రోడ్లు మళ్లించి, తడికెల వెనుక యంత్రాలు దింపారు. పూర్తయితే ఒకే పేరుగల రెండు స్టేషన్లు ఉంటాయి: ఒకటి ఇళ్లకప్పుల మీద, ఒకటి బావి అడుగున, నడుమ కాలువ. పాత ఎత్తు మార్గాన్ని మెట్రో సంస్థకు అప్పగించడానికి 2025లో రైల్వే బోర్డు సూత్రప్రాయంగా అంగీకరించింది. ఒకే యజమాని కిందికి వస్తే మెట్ల బదులు లిఫ్టులూ, మూలలకు దీపాలూ, కింది నుంచి పైకి తడవకుండా పోయే దారీ వస్తాయని మైలాపూరువారు ఎదురు చూస్తున్నారు. కాలువను ఎవరికి అప్పగిస్తారన్నది ఆ కాగితాలలో లేదు.

సాయంత్రం ఆరున్నరకు వేళచ్చేరి వైపు నుంచి వచ్చిన రైలు తిరుమయిలైలో ఆగుతుంది. భుజాన సంచులతో కుర్రవాళ్లు మెట్లు దిగుతారు. మలుపు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగిన ముసలావిడను దాటి, టికెట్టు హాలు దాటి, వంతెన పక్కగా వీధిలోకి వస్తారు. వారిలో కొందరు తన్నీర్తురై మార్కెట్టుకేసి తిరిగి, బండి మీద పేర్చిన కూరలు బేరమాడి కొనుక్కుంటారు. వంకాయలు ఎక్కడివని అడిగితే, అంగడామె ఉత్తరాన ఉన్న ఊరి పేరేదో చెప్పి, రాత్రి లారీలో వచ్చాయంటుంది.